వాగు అవతలి చిక్కుడు పందిరి

మా మామయ్య నీళ్ళ శాఖలో మీటర్లు చూసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని. పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరి, ఇంటింటికీ వెళ్ళి, మూతలు ఎత్తి, బూజు దులిపి, అంకెలు రాసుకుని వచ్చేవాడు. తోటి వాళ్ళలో కొంతమంది కుక్క అరిస్తే చాలు, గేటు బయటే నిలబడి పోయిన నెల అంకెకి కాస్త కలిపి రాసేసేవాళ్ళు. మామయ్య అలా కాదు. తాళం ఉంటే మర్నాడు వెళ్ళేవాడు, మర్నాడూ ఉంటే ఆ మర్నాడు. "చూడకుండా రాసిన అంకె అబద్ధం కాదు, అంతకంటే హీనం" అనేవాడు. అబద్ధం ఆడేవాడికి నిజమేమిటో తెలుసట, చూడనివాడికి అదీ తెలియదట.

రిటైరయ్యాక నెల తిరగకుండా ఇంట్లో తనిఖీలు మొదలుపెట్టాడు. కుళాయి కింద బకెట్ ఎన్ని నిమిషాల్లో నిండుతోందో, తలుపు ఎన్నిసార్లు కిర్రుమంటోందో. అత్తయ్య పదిహేను రోజులు ఓపిక పట్టి, "నన్ను కూడా మీటరనుకుంటున్నారా?" అని, తనే వెళ్ళి రైతుల సంత కమిటీలో ఆయన పేరు ఇచ్చి వచ్చింది.

ఆ సంత ప్రతి శనివారం పాత బస్సు డిపో షెడ్డులో జరిగేది. నలభై పైచిలుకు బల్లలు. కూరలు, పళ్ళు, గుడ్లు, తేనె. ఒక్కటే నియమం: అమ్మేది నువ్వు పండించినదై ఉండాలి. హోల్‌సేల్ మార్కెట్లో బస్తాలు కొనుక్కొచ్చి 'మా పొలంలోవే' అంటే కుదరదు. అది తేల్చడానికి సీజనుకొకసారి ఎవరో ఒకరు పొలాలకి వెళ్ళి చూసి రావాలి. అంతకుముందు ఆ పని చేసినాయనకి నడుం పట్టేసింది. ఆ కుర్చీ మామయ్యకి దక్కింది. కుర్చీ అంటే స్కూటరే అనుకోండి.

పనిలో ఆయనకి తిరుగులేదు. క్యాబేజీ కాడ కోసిన చోట ఎంత ఎండిందో చూసి ఏ రోజు కోశారో చెప్పేవాడు. ఒకాయన పాకలో టమాటా పెట్టెల అడుగున చింపగా మిగిలిన చీటీ ముక్క పట్టుకుని, అవి ఏ గోదాము నుంచి వచ్చాయో అక్కడికక్కడే తేల్చాడు. మొదటి ఏడాదిలోనే ఇద్దరు సంతలోంచి బయటికి పోయారు. దాంతో జనం ఆయనకి 'డేగకన్ను' అని పేరు పెట్టారు. పైకి "ఛ, ఏమిటా పిచ్చి పేర్లు" అని విసుక్కునేవాడు గానీ, ఇంటికొచ్చి ఆ సంగతి అత్తయ్యకి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి ఆవిడ, "మరి డేగగారూ, మీ కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంది" అంది.

ఆ తర్వాతి ఏడాది వానల్లో జరిగింది ఇది.

సంతలో ఒకావిడ చిక్కుళ్ళు అమ్మేది. నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు, మామగారితో కలిసి వ్యవసాయం. సంతలో చేరి అప్పటికి మూడు నెలలు, ఆవిడ పొలం తనిఖీ ఇంకా కాలేదు. గట్టిగా అరవదు, ఎవర్నీ పిలవదు. అయినా పదింటికల్లా బల్ల ఖాళీ. కాయలు అంత బాగుండేవి. పక్క బల్ల టమాటాలాయనకి అది కంట్లో నలుసైంది. ఓ శనివారం మామయ్య చెవిలో వేశాడు.

"సార్, ఆ చిక్కుళ్ళు చూడండి. అచ్చులో పోసినట్టు అన్నీ ఒకే పొడుగు. పొలంలో కాసినవి అలా ఉంటాయా? మీకు నేను చెప్పాలా!"

ఆ చివరి ముక్క పనిచేసింది. మామయ్య వెళ్ళి ఒక కాయ తీసి విరిచాడు. టప్‌మని విరిగింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే పొడుగు. ఆయన మనసులో తీర్పు అక్కడే, ఆ బల్ల ముందే రాసేసుకున్నాడు. ఈ మాట తర్వాత ఆయనే నాతో అన్నాడు.

బుధవారం నాడు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆ రోజు కొత్త బూట్లు వేసుకున్నాడు. లేత గోధుమరంగు తోలువి, మా వదిన, అంటే ఆయన కూతురు, పంపిన బూట్లు. పెట్టెలోంచి తీసి నాలుగు రోజులు మురిపెంగా చూసుకున్నాక మొదటిసారి తొడిగాడు. పొలాలకి వెళ్ళేటప్పుడు మామూలుగా రబ్బరు బూట్లు వేసుకునే మనిషి. ఆ ఒక్కరోజు ఎందుకో బుద్ధి పుట్టింది.

ఆవిడ గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఇంటి వెనక ముక్క చూపించింది. ఉల్లి ఉంది, ఆకుకూర మళ్ళు ఉన్నాయి, గుమ్మడి తీగ ఉంది. చిక్కుడు మాత్రం గోడ వారన నాలుగు పాదులు. ఆ నాలుగు పాదులూ వారానికి ఒక బుట్ట కూడా ఇవ్వవు.

"చిక్కుడు ఇంతేనా అమ్మా?"

"కాదండీ. ఇది పల్లం కదా, వానకి వేళ్ళు కుళ్ళిపోతాయి. పందిళ్ళన్నీ వాగు అవతల మెరకలో వేశాం. ఆ దిబ్బ వెనకాల. పది నిమిషాల నడక. రండి, చూపిస్తాను."

మామయ్య వాగు దాకా వెళ్ళాడు. ఎర్రటి నీళ్ళు. మోకాలి లోతు ఉంటాయేమో. ఆవిడ అప్పటికే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. అవతల దిబ్బ, దాని మీద పొదలు. పందిరి అన్నది ఎక్కడా కనబడలేదు. మామయ్య నీళ్ళ వంక చూశాడు, బురద వంక చూశాడు, తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఫరవాలేదమ్మా. నేను చూడాల్సింది చూశాను" అన్నాడు.

ఆవిడ ముఖం విప్పారింది. "నమ్మినందుకు చాలా థాంక్సండీ. కొంతమంది అయితే అవతలి దాకా నడిపించేవాళ్ళు" అంది.

ఆ మాట మామయ్యకి స్పష్టంగా వినిపించింది. ఆవిడ తప్పుగా అర్థం చేసుకుందని కూడా అర్థమైంది. 'కాదమ్మా, నేనన్నది అది కాదు' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. తల ఊపాడు. స్కూటరు దగ్గరికొచ్చి, సీటు మీద కాగితం పెట్టుకుని రాశాడు: 'సొంత పంట లేదు. బయట కొన్న సరుకు.' సంతకం పెట్టాడు. ఆవిడ గేటు దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

మరుసటి వారం కమిటీ ఉత్తరం వెళ్ళింది. ఆవిడ బల్ల తీసేశారు. టమాటాలాయన తన బల్ల అటువైపు జరుపుకున్నాడు. కొన్నవాళ్ళు రెండు శనివారాలు "చిక్కుళ్ళావిడ ఏదీ?" అని అడిగారు, మూడో శనివారం మానేశారు. ఆవిడ వచ్చి గొడవ పెట్టుకోలేదు. మామయ్య దాన్ని కూడా సాక్ష్యం కిందే వేసుకున్నాడు. "తప్పు లేనిది ఊరుకుంటుందా?" అన్నాడట అత్తయ్యతో.

రెండున్నర నెలలు గడిచాయి. తేనె అమ్ముతానని ఒకతను కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నాడు. అతని స్థలం చూడ్డానికి మామయ్య వేరే దారిన, కొండ వైపు నుంచి వెళ్ళాడు. రబ్బరు బూట్లు వేసుకునే వెళ్ళాడు. తేనెటీగల అతను మాటకారి. ఒక్కో పెట్టె మూత తీసి, పొగ పట్టి, "చూడండి సార్, ఇదిగో రాణి, మా ఆవిడ కంటే దీని మాటే ఎక్కువ చెల్లుతుంది ఇక్కడ" అంటూ చూపించుకుంటూ పోయాడు. చివరి వరస పెట్టెలు మెరక అంచున ఉన్నాయి. వాటి పక్కనే పందిళ్ళు.

మామయ్య ఆగిపోయాడు. ఒకటి కాదు, రెండు కాదు. పన్నెండు వరసలు. కర్రలు నిటారుగా, తీగలు పొందిగ్గా కట్టి ఉన్నాయి. కట్టిన చేతులు ఎవరివో గానీ శ్రద్ధ తెలిసిన చేతులు. కానీ ఆకులు పండిపోయాయి. కాయలన్నీ తీగ మీదే ముదిరి, ఎండి, గాలికి గలగలమంటున్నాయి. కింద రాలినవి మట్టిలో నల్లబడుతున్నాయి. పందిళ్ళ అవతల, పొదల సందులోంచి చూస్తే, నేల దిగుడుగా పోయింది. ఆ దిగుడు చివర వాగు మెరుస్తోంది. వాగు అవతల ఒక గేటు.

"ఇవి ఎవరివి?" అని అడిగాడు. అడక్కుండానే తెలుసు.

"పాపం ఆవిడవే సార్, అదిగో ఆ ఇంటావిడ. ఈ పూల మీదే కదా నా ఈగలు బతికింది. మీ సంతలోనే అమ్మేదట, తీసేశారట. ఎవడో మహానుభావుడు వచ్చి, వాగు అవతల నిలబడి చూసి, పంటే లేదని రాసి పోయాడట. కాయ రోజు విడిచి రోజు కోయాలి సార్, ఆగదు. కొన్నాళ్ళు దారిన పోయే బండివాళ్ళకి ఇచ్చింది. తర్వాత కోసిన కూలి కూడా రావట్లేదని వదిలేసింది. మీకు తెలుసా సార్ ఆ మనిషి?"

"లేదు" అన్నాడు మామయ్య.

ఆ 'లేదు' ఆయన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుందని చెప్పాడు. తేనెటీగల అతను ఇంకా ఏదో అంటున్నాడు. మామయ్యకి చెవుల్లో ఆ కాయల గలగల తప్ప ఏమీ వినబడలేదు. అతని కాగితం మీద ఏం రాశాడో కూడా గుర్తులేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ అతను తన వంక చూసినప్పుడల్లా తనకే తెలియకుండా చేయి కళ్ళజోడు మీదికి పోయేదట.

ఆ శనివారం మోకాలి నొప్పి అన్నాడు. సంతకి వెళ్ళలేదు. తర్వాతి శనివారమూ వెళ్ళలేదు. అత్తయ్య నూనె తెచ్చి మర్దనా చేయబోతే, ఏ మోకాలో చెప్పడానికి ఒక్క క్షణం తడబడ్డాడు. ఆవిడ నూనె సీసా మూత బిగించి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి" అంది.

చెప్పాడు. ఆవిడ నోరు నొక్కుకుంది.

"కుక్కలున్న ఇళ్ళల్లోకి దూరి మీటర్లు చూసిన మనిషి! ఒకసారి కరిపించుకుని కూడా అంకె రాసుకునే వచ్చారు. మోకాలి లోతు నీళ్ళు దాటలేకపోయారా?"

మామయ్య నేల వంక చూస్తూ, "బూట్లు" అన్నాడు.

"ఏమిటీ?"

"కొత్త బూట్లు. తడుస్తాయని."

అత్తయ్యకి ముందు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది, అని మామయ్య అనుకున్నాడు.

మంగళవారం కమిటీ సమావేశం. మామయ్య తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కానీ లేచి నిలబడేసరికి నోటికి వేరే మాటలొచ్చాయి. "చిక్కుళ్ళావిడ విషయంలో నా వల్ల పొరపాటు జరిగింది. ఆవిడకి వాగు అవతల ఇంకో ముక్క ఉంది. అది నా దృష్టికి రాలేదు" అన్నాడు.

'దృష్టికి రాలేదు'. ఆవిడ నోటితో చెప్పింది. వేలు పెట్టి చూపించింది. చెప్పులు చేత పట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది. అయినా 'దృష్టికి రాలేదు' అన్నాడు.

కార్యదర్శి, పాత స్కూలు హెడ్‌మాస్టరాయన, గొంతు సవరించుకుని, "చూశారా! ఎవరూ అడక్కుండా తన తప్పు తనే ఒప్పుకున్నాడు. ఇలాంటి మనిషి ఉండబట్టే మన సంతకి పేరు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టమాటాలాయన అందరికంటే గట్టిగా కొట్టాడు. ఎవరో వచ్చి భుజం తట్టారు. ఆ చప్పట్ల మధ్య మామయ్య కుక్కిన పేనులా కూర్చున్నాడు. తల ఎత్తితే ఏడుస్తానేమోనని ఎత్తలేదు. దాన్ని కూడా వాళ్ళు వినయం అనుకున్నారు.

ఆవిడకి మళ్ళీ బల్ల ఇస్తున్నట్టు, క్షమించమని, ఉత్తరం రాశారు. పోస్టులో వేద్దామంటే, "నేను తీసుకెళ్తాను" అన్నాడు మామయ్య.

ఇంటి దగ్గర ముసలాయన, మామగారు, ఒక్కడే ఉన్నాడు. మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయల్ని పెద్దవీ చిన్నవీ వేరు చేస్తున్నాడు. పక్కన చెక్క ముక్క ఒకటి, కొలతకి గీతలు పెట్టి ఉంది. అడిగితే, చిక్కుళ్ళు కూడా దాంతోనే కొలిచి ఏరేవాణ్ణని, పొట్టివి ఇంట్లోకి, ఒక సైజువి సంతకి అని చెప్పాడు. "పనీపాటా లేని ముసలాణ్ణి బాబూ, పొద్దు పోవాలిగా" అని నవ్వాడు. ఎవరు బాబూ నువ్వు అని అడగలేదు. కోడలు నారు పెంచే నర్సరీలో కూలికి వెళ్తోందని మాత్రం చెప్పాడు.

నర్సరీలో పొడుగాటి ప్లాస్టిక్ పాకలు. లోపల ఉక్క. పదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, గళ్ళ ట్రేల్లోకి తడిమట్టి నింపుతున్నారు. ఆవిడ చివర్న ఉంది. మామయ్యని చూసింది. చేతులు ఆగలేదు.

"అమ్మా, కమిటీ ఉత్తరం తెచ్చాను."

"చేతులు మట్టిగా ఉన్నాయండీ. అక్కడ పెట్టండి."

పెట్టాడు. వెళ్ళిపోవచ్చు. ఉత్తరంలో అంతా పద్ధతిగానే ఉంది. వెళ్ళలేకపోయాడు.

"ఉత్తరంలో అవతలి ముక్క నా దృష్టికి రాలేదని ఉంటుంది. అది నిజం కాదు. మీరు చెప్పారు. రమ్మన్నారు. నేనే... బూట్లు తడుస్తాయని రాలేదు."

పక్కన ఉన్న ఆడవాళ్ళు పని ఆపారు. ఆవిడ ట్రే మీద మట్టి అరచేత్తో సాపు చేసింది.

"తెలుసండీ" అంది. "ఆ రోజే చూశాను. కొత్తవి. అందుకే రెండోసారి అడగలేదు. పెద్దాయన్ని బురదలో దింపడం ఏం బాగుంటుందని."

మామయ్యకి కాళ్ళ కింద భూమి చీలితే బాగుండుననిపించింది.

"బల్ల పోయినందుకు కాదండీ నా బాధ" ఆవిడ మళ్ళీ అంది, గొంతు పెంచకుండానే. "మీరు వెళ్ళగానే మా మామగారికి చెప్పాను. సంతలోంచి వచ్చినాయన ఎంత మంచివాడో, మాట నమ్మి వెళ్ళిపోయాడని. ఆయన ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. ఆయన వాగు దాటలేడు కదా, పంట బాగాలేక మానేశానంటే ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. నా సంగతి ఊరంతా తెలిసింది గానీ, ఆయన దగ్గర మాత్రం ఎవరూ అనలేదు. మీ పరువు మా ఇంట్లో ఇంకా అలాగే ఉందండీ."

మామయ్య ఏదో అనబోయాడు. మేస్త్రీ అటు వస్తుంటే ఆవిడ ఇంకో ట్రే దగ్గరికి లాక్కుంది. మామయ్య బయటికొచ్చి స్కూటరు స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు తన్నాడు. తాళం చెవి పెట్టలేదని నాలుగోసారికి తెలిసింది.

ఆ వారమే మళ్ళీ కమిటీకి వెళ్ళి అసలు సంగతి చెప్పాడు. ఈసారి చప్పట్లు లేవు. కార్యదర్శి, "సరేలెండి, ఇదంతా ఇప్పుడు రికార్డులో ఎందుకు" అన్నాడు. రాయాల్సిందేనని మామయ్య పట్టుబట్టాడు. రాశారు. తనిఖీ పని మానేస్తానన్నాడు. ఇంకొకరు దొరికేదాకా ఉండమన్నారు. ఇంకొకరు దొరకలేదు. డేగకన్ను అన్న పేరు మెల్లగా వాడుకలోంచి పోయింది. కొంతకాలం వెనకాల 'బూట్లాయన' అన్నారట. అది విన్నా మామయ్య విసుక్కోలేదు.

ఆవిడ వెంటనే సంతకి రాలేదు. అమ్మడానికేం మిగిలింది గనక? తర్వాతి ఏడాది వానలకి ముందు దరఖాస్తు పంపింది. నా వల్ల ఆవిడకి ఇబ్బంది వద్దు, ఇంకెవరినైనా తనిఖీకి పంపండి అని మామయ్య కార్యదర్శిని బతిమాలాడు. ఆయన ఆవిడకి ఫోన్ చేసి అడిగితే, "వద్దండీ, ఆయన్నే పంపండి" అందట.

వెళ్ళాడు. ఆవిడ గేటు తీసి ముందు నడిచింది. రండి అనలేదు. ఇంటి వెనక ముక్క, ఉల్లి, ఆకుకూర, అన్నీ చూపించింది. ఏదీ విడిచిపెట్టలేదు. ఖాళీ మడి కనబడితే దాని దగ్గరా ఆగింది. "ఇది ఖాళీ. రాసుకోండి." రాసుకున్నాడు. తర్వాత వాగులోకి దిగింది, వెనక్కి చూడకుండా. మామయ్య వెనకాలే దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మధ్యలో రాయి జారి చేయి ఆసరాకి వెతుక్కుంటే గాలి తప్ప ఏమీ దొరకలేదు. ఎలాగో నిలదొక్కుకున్నాడు.

మెరక మీద పందిళ్ళు పచ్చగా ఉన్నాయి. ఒక్కో వరస మొదట్నుంచి చివరిదాకా నడిపించింది. ఏ విత్తనం, ఎప్పుడు వేసింది, ఎప్పుడు కాపుకొస్తుంది, చెప్పింది. అడిగినదానికి జవాబు, అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. మామయ్య చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. మూడు గంటలు పట్టింది.

అయిపోయాక ఆవిడ చేయి చాచింది. "ఏం రాశారో చూడొచ్చా?"

తనిఖీ కాగితం రైతుకి చూపించే పద్ధతి లేదు. మామయ్య ఇచ్చేశాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, పందిరి నీడలో నిలబడి చదివింది. ఒక్కో గీత మీద వేలు పెట్టి, తొందర లేకుండా. మామయ్య ఎండలోనే నిలబడ్డాడు.

ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఆకుకూర మూడు మళ్ళని రాశారు" అంది. "నాలుగండీ."

మామయ్య కాగితం తీసుకున్నాడు. మూడు కొట్టేసి నాలుగు వేయబోయి, ఆగాడు.

"ఒకసారి వెళ్ళి చూసి వేస్తానమ్మా" అన్నాడు.

ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చింది. మామయ్య ఒక్కడే వాగు వైపు దిగాడు.